ల్యాప్‌టాప్‌కు చార్జింగ్ ఎక్కకపోతే ముందు గోడ దగ్గర చూడాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

ల్యాప్‌టాప్ బ్యాటరీల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తల గురించి మీ జిల్లా సంచికలో ఇటీవల వచ్చిన చిన్న వ్యాసం చదివాను. కొత్త ల్యాప్‌టాప్‌ను మొదటిరోజు ఎనిమిది గంటలు ఆపకుండా చార్జింగ్‌లో ఉంచాలని, ఆ తరువాత ప్రతిసారీ బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా వాడి అప్పుడే మళ్లీ నింపాలని, చార్జింగ్ ఎక్కడం ఆగిపోతే బ్యాటరీ మార్పించుకోవాలని అందులో చెప్పారు. నల్లగొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో నేను భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. ఈ మూడు సలహాలలో మొదటి రెండూ ఇప్పటి బ్యాటరీలకు వర్తించవు. మూడవది చాలా ఇళ్లలో అనవసరపు ఖర్చుకు దారి తీస్తుంది. ఆ ఖర్చు మా ఇంటి గడప దాకా వచ్చి వెనక్కి వెళ్లింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంత పొడవైనా ప్రచురించవలసిందిగా మనవి.

పూర్తిగా ఖాళీ చేసి నింపాలన్న మాట నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. వాటిని మాటిమాటికీ సగంలోనే చార్జింగ్‌కు పెడితే క్రమంగా ఆ సగం వరకే పనిచేసే లక్షణం వాటికి ఉండేది. 1991లో లిథియం అయాన్ బ్యాటరీ బజారులోకి వచ్చింది. దాన్ని రూపొందించిన కృషికి 2019లో గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండేది ఈ జాతి బ్యాటరీయే. దీనికి సగంలో చార్జింగ్ పెడితే ఏ నష్టమూ లేదు. పూర్తిగా ఖాళీ కావడం, వేడెక్కడం, నూటికి నూరు శాతం నిండిన స్థితిలో రోజుల తరబడి ఉండిపోవడం మాత్రం దాని ఆయుష్షును తగ్గిస్తాయి. 20 శాతానికి దిగకముందే చార్జింగ్ పెట్టి, 80 శాతం దాటాక తీసివేసే అలవాటు దీనికి మేలు చేస్తుంది. మొదటిరోజు ఎనిమిది గంటల నియమం దీనికి అక్కరలేదు.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మాయి ఎంసీఏ చదువుతున్నది. మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచి, రెండు గంటలు కరెంటు పోయి వచ్చింది. ఆ మరునాడు "అమ్మా, చార్జింగ్ ఎక్కుతలేదు" అని ల్యాప్‌టాప్ తెచ్చి చూపించింది. చార్జర్ పెట్టి ఉన్నంతసేపు యంత్రం పనిచేస్తున్నది. బ్యాటరీ మాత్రం 34 శాతం దగ్గరే నిలిచిపోయింది, చార్జర్ తీసిన కొద్దిసేపటికి అది కూడా తరిగిపోతున్నది. ప్రాజెక్టు సమర్పించవలసిన గడువు వారం రోజులే ఉండటంతో మరుసటి ఉదయమే పట్టణంలోని ఒక మరమ్మతు దుకాణానికి తీసుకుపోయాము. అక్కడివారు పావుగంట చూసి, హై వోల్టేజీకి యంత్రం లోపలి ప్రధాన బోర్డులోని చార్జింగ్ భాగం కాలిపోయిందని, ఎనిమిదిన్నర వేలు అవుతుందని, బ్యాటరీ కూడా బలహీనపడింది కాబట్టి దానికి మరో మూడు వేలు వేసుకోవాలని చెప్పారు. ఒక్కరోజు ఆగమని చెప్పి యంత్రాన్ని వెనక్కి తెచ్చుకున్నాను.

ఆ రాత్రి కళాశాల ప్రయోగశాలలో వోల్టులు కొలవడానికి వాడే మల్టీమీటరుతో ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాము. గోడ సాకెట్టులో 232 వోల్టులు ఉన్నాయి. చార్జర్ చివర 19 వోల్టుల పైచిలుకు వస్తున్నది. యంత్రం ఆన్ అవుతున్న క్షణంలో నల్లని తెర మీద ఒక ఇంగ్లిష్ వాక్యం వచ్చి మాయమవుతున్నట్టు మా అమ్మాయి గమనించింది. మూడుసార్లు ఆపి ఆన్ చేసిన తరువాత గాని దాన్ని పూర్తిగా చదవలేకపోయాము. తగిలించిన చార్జర్ ఏ రకమో గుర్తించలేకపోతున్నానని, అందువల్ల బ్యాటరీని నింపడం లేదని యంత్రమే చెబుతున్నది. కొన్ని కంపెనీల చార్జర్ పిన్ను మధ్యలో సూదిలాంటి సన్నని మరో పిన్ను ఉంటుంది. అది కరెంటు మోసేది కాదు. "నేను ఇన్ని వాట్ల చార్జర్‌ను" అని ల్యాప్‌టాప్‌కు తెలియజేసేది. ఆ కబురు అందకపోతే యంత్రం తాను నడవడానికి కావలసిన కరెంటు తీసుకుంటుంది గాని, జాగ్రత్త కోసం బ్యాటరీకి మాత్రం పంపదు. మా చార్జర్‌లో పిన్నుకు అర జానెడు ఇవతల వైరు పదేపదే మెలిపడి, లోపలి సన్నని తీగ తెగిపోయింది. అదే రకం అసలు చార్జర్ 1,900 రూపాయలకు తెచ్చి పెట్టగానే చార్జింగ్ ఎక్కింది. బోర్డుకు ఏమీ కాలేదు, బ్యాటరీకీ ఏమీ కాలేదు, గాలిదుమారానికీ దీనికీ అసలు సంబంధమే లేదు.

దుకాణం వారు మోసం చేయాలని చూశారని నేను అనడం లేదు. మన పట్టణాలలో ఎంతో నైపుణ్యంతో, తక్కువ కూలికి బోర్డుల మీద పనిచేసే యువకులు ఉన్నారు. నా ఫిర్యాదు పరీక్షించే వరుస గురించి. కరెంటు గోడ నుంచి బయలుదేరి సాకెట్టు, ప్లగ్గు, వైరు, చార్జర్, పిన్ను, అది దిగే రంధ్రమైన జాక్ దాటి బోర్డుకు, అక్కడి నుంచి బ్యాటరీకి చేరుతుంది. తప్పు ఎక్కడ ఉందో వెతకడం కూడా ఆ దారినే సాగాలి. మన దగ్గర చాలామంది చివరి మజిలీ నుంచి మొదలుపెడుతున్నారు. చివరి మజిలీలోనే వస్తువుల ధర ఎక్కువ కావడం వల్ల ఆ భారమంతా వాడేవారి మీద పడుతున్నది.

మొదట గోడ. మన ఇళ్లలో సాకెట్లు వదులైపోయి ప్లగ్గు ఊగుతూ ఉండటం సర్వసాధారణం. ప్లగ్గు పెట్టినప్పుడు చిటపటమని శబ్దం వచ్చినా, సాకెట్టు చుట్టూ నల్లబడినా, ముట్టుకుంటే వెచ్చగా తగిలినా ఆ సాకెట్టును మార్పించాలి. దాని ఖరీదు కూలితో కలిపినా చార్జర్ ధర కంటే చాలా తక్కువ. అదే చార్జర్‌ను మరో గదిలోని సాకెట్టులో, ఎక్స్‌టెన్షన్ బాక్సు లేకుండా నేరుగా పెట్టి చూడటం ఎవరైనా చేయగల మొదటి పరీక్ష. నా దగ్గరకు వచ్చిన విద్యార్థులలో కొందరి సమస్య అక్కడే తీరిపోయింది.

లో వోల్టేజీ గురించి ఒక అపోహ ఉంది. పల్లెల్లో తెల్లవారుజామున బోరు మోటార్లన్నీ ఒక్కసారిగా ఆన్ అయినప్పుడు ఫ్యాను నెమ్మదించి, బల్బు మసకబారుతుంది. అందువల్లనే ల్యాప్‌టాప్‌కు చార్జింగ్ ఎక్కడం లేదని పాలమూరు వైపు మా బంధువులు స్టెబిలైజరు కొనబోయారు. చార్జర్ వెనుక అతికించిన కాగితం మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని అచ్చువేసి ఉంటుంది. అంటే 170 వోల్టులకు పడిపోయినా చార్జర్ తన 19 వోల్టులను తాను ఇస్తూనే ఉంటుంది. లో వోల్టేజీ దానికి శత్రువు కాదు, స్టెబిలైజరుతో దానికి పనీ లేదు.

దానికి అసలు ముప్పు న్యూట్రల్ తెగిపోవడం. ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలియాలని నా కోరిక. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు, కరెంటు తిరిగి వెళ్లే దారి అయిన ఒక న్యూట్రల్ తీగ వస్తాయి. ఒక్కో ఇంటికి ఒక ఫేజు, దానితో పాటు న్యూట్రల్ ఇస్తారు. ఆ రెండింటి మధ్య ఉండేది 230 వోల్టులు. రెండు ఫేజుల మధ్య మాత్రం 400 వోల్టుల దాకా ఉంటుంది. గాలివానకు న్యూట్రల్ తీగ తెగినా, స్తంభం దగ్గర దాని జాయింటు వదులైనా, ఒక ఫేజు మీది ఇళ్లు మరో ఫేజు మీది ఇళ్లతో వరుసగా కలిసిపోయి ఆ 400 వోల్టులను తమలో పంచుకుంటాయి. ఎక్కువ వాడకం ఉన్నవైపు వోల్టేజీ పడిపోతుంది, తక్కువ వాడకం ఉన్నవైపు 300 దాటి పెరుగుతుంది. మా వీధిలో నాలుగేళ్ల కింద ఇలా జరిగి, పది నిమిషాలలో రెండు టీవీలు, ఒక ఫ్రిజ్జు, ఎన్నో చార్జర్లు పోయాయి. ఒక ఇంట్లో బల్బు కళ్లు చెదిరేలా వెలుగుతూ పక్కింట్లో దీపంలా మినుకుమినుకుమంటే అది న్యూట్రల్ లోపానికి గుర్తు. అప్పుడు ఒక్కొక్క స్విచ్చు ఆపుకుంటూ కూర్చోక మెయిన్ ఆపివేసి, విద్యుత్ ఫిర్యాదుల 1912 నంబరుకు గాని లైన్‌మన్‌కు గాని వెంటనే చెప్పాలి. 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం మన జిల్లాలోని దామరచర్ల మండలంలోనే ఉంది. అంత కరెంటు పుట్టే జిల్లాలో వీధి చివరి స్తంభం మీది ఒక జాయింటు వదులైతే ఇళ్లలోని సామాన్లు కాలిపోతున్నాయి. గాలిదుమారాలు మొదలుకాకముందే, అంటే మార్చి నెలలోనే, న్యూట్రల్ జాయింట్లను వరుసగా తనిఖీ చేయించవలసిందిగా విద్యుత్ పంపిణీ అధికారులను మీ పత్రిక ద్వారా అభ్యర్థిస్తున్నాను. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మాత్రం స్విచ్చు ఆపడంతో సరిపెట్టుకోక ప్లగ్గునే సాకెట్టు నుంచి పీకివేయాలి.

తరువాతిది ఎర్తింగ్, అంటే దారి తప్పిన కరెంటును నేలలోకి పంపే ఏర్పాటు. ఇనుప లేదా అల్యూమినియం ఒళ్లున్న ల్యాప్‌టాప్‌ను చార్జింగ్‌లో ఉంచి అరచేయి ఆనిస్తే సన్నగా జిమ్ముమని తగులుతున్నదని చాలామంది చెబుతారు. చార్జర్ లోపల విద్యుత్ అలజడి తరంగాలను నేలకు పంపడానికి కెపాసిటర్లు అనే చిన్న భాగాలు ఉంటాయి. మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడవుగా ఉండే పై పిన్ను ఎర్తుది. ఇంట్లో ఎర్తు లేకపోయినా, ఆ పిన్నును విరిచేసి రెండు పిన్నుల కన్వర్టరుతో వాడినా, ఆ కొద్దిపాటి కరెంటుకు నేలకు పోయే దారి లేక ల్యాప్‌టాప్ ఒంటి మీదకు వస్తుంది. దాని పరిమాణం ఒక మిల్లీ ఆంపియరులో కొంత భాగమే అయినా, ఎర్తు పనిచేయడం లేదన్న హెచ్చరికగా దాన్ని తీసుకోవాలి. ఆ ఇంట్లో గీజరో, వాషింగ్ మెషినో, నీళ్ల మోటారో పాడైనప్పుడు తగిలేది జిమ్ము కాదు, ప్రాణం తీసే షాకు. మనవి చెల్క నేలలు, కింద రాయి. పెరట్లో బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్తు గుంత ఎండాకాలంలో ఎండిపోయి నేలకు కరెంటును సరిగా చేరవేయదు. మా ఇంట్లో మార్చి నుంచి జూన్ దాకా వారానికి ఒకసారి ఆ గుంతలో రెండు బిందెల నీళ్లు పోస్తాము. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకు, ఎర్తుకు మధ్య వోల్టేజీ చూపించుకుంటే అది దాదాపు ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య ఉన్నంతే ఉండాలి. బాగా తేడా ఉంటే ఎర్తు చెడిపోయినట్టే. హఠాత్తుగా ఎగిసే వోల్టేజీని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ ఉందని ధీమాగా ఉండే వారికి ఇంకొక మాట చెప్పాలి. ఎర్తు సరిగా లేని ఇంట్లో ఆ పరికరం తన పని పూర్తిగా చేయలేదు.

గోడ దగ్గర అంతా సవ్యంగా ఉంటే చార్జర్‌కు రావాలి. దాని దీపం వెలుగుతున్నంత మాత్రాన అది బాగున్నట్టు కాదు, చాలా చార్జర్లకు అసలు దీపమే ఉండదు. గుండ్రని పిన్ను ఉన్న చార్జర్ అయితే మల్టీమీటరును డీసీ 200 వోల్టుల గుర్తు మీద పెట్టి, ఎర్ర తీగను పిన్ను లోపలి గోడకు, నల్ల తీగను బయటి లోహానికి ఆనించి చూడాలి. రెండు తీగలూ ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్తపడాలి. కాగితం మీద అచ్చువేసిన 19 లేదా 19.5 వోల్టులకు దగ్గరగా రావాలి. వైరును రెండు చివరల దగ్గర మెల్లగా వంచుతూ చూసినప్పుడు అంకె పడిపోయి లేస్తూ ఉంటే తీగ లోపల తెగింది. టైప్ సీ చార్జర్‌కు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. ల్యాప్‌టాప్‌కు తగిలించేదాకా అది ఏమీ ఇవ్వదు. తగిలించాక మొదట 5 వోల్టులే ఇచ్చి, దానితో మాట కలిసి ఎన్ని వోల్టులు కావాలో తేలాకే పెంచుతుంది. ఊరికే మీటరు పెట్టి సున్నా వచ్చిందని దాన్ని పారవేసిన వారిని నేను చూశాను. దానికి సరైన పరీక్ష అదే వాట్ల మరో మంచి చార్జర్, మరో మంచి కేబుల్ పెట్టి చూడటమే. కేబుల్ అని విడిగా చెప్పడానికి కారణం ఉంది. చూడటానికి ఒకేలా ఉన్నా మామూలు టైప్ సీ కేబుల్ 3 ఆంపియర్లు, అంటే 60 వాట్లు మోయడానికే పనికివస్తుంది. 100 వాట్లకు 5 ఆంపియర్ల ప్రత్యేక కేబుల్ కావాలి.

చార్జర్ మార్చవలసి వచ్చినప్పుడు అందరూ తడబడేది వోల్టులు, ఆంపియర్ల దగ్గర. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని రాసి ఉంటే అది 65 వాట్ల చార్జర్. 2.31 ఆంపియర్లు అని ఉంటే 45 వాట్లది. కొత్త చార్జర్ వోల్టులు పాతదానితో సమానంగా ఉండాలి, పిన్ను అదే రకం కావాలి, ఆంపియర్లు సమానంగా గాని ఎక్కువగా గాని ఉండవచ్చు. ఆంపియర్లు ఎక్కువైతే యంత్రం కాలిపోతుందన్న భయం నిరాధారమైనది, తనకు కావలసినంతే యంత్రం తీసుకుంటుంది. తక్కువైతేనే చిక్కు. 65 వాట్ల యంత్రానికి 45 వాట్లది పెడితే, పని చేస్తున్నంతసేపు చార్జింగ్ ఎక్కకపోగా ఒక్కొక్కసారి తగ్గుతుంది కూడా. టైప్ సీ పిన్ను ఉన్నది కదా అని సెల్‌ఫోను చార్జర్ పెట్టి "ఎక్కడం లేదు" అనుకునే పిల్లలకు ఇదే జవాబు.

రోడ్డు పక్కన మూడు నాలుగు వందలకు దొరికే చార్జర్ల గురించి కటువుగానే చెప్పవలసి ఉంది. మన దేశంలో ల్యాప్‌టాప్ అడాప్టర్లకు బీఐఎస్, అంటే భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. చార్జర్ మీద ప్రమాణం సంఖ్యతో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ సంఖ్య కొట్టి చూస్తే అది ఏ తయారీదారుకు ఇచ్చినదో తెలుస్తుంది. సంఖ్య లేకపోయినా, ఉన్న సంఖ్య మరో వస్తువుదని తేలినా, ఆ చార్జర్‌ను పిల్లలు రాత్రంతా పక్క మీద పెట్టుకొని పడుకునే ఇంట్లోకి రానివ్వకూడదు. ఆదా చేసిన పదిహేను వందల రూపాయల కోసం 230 వోల్టులకు, పిల్లవాడి చేతికి మధ్య ఉండవలసిన అడ్డుగోడను మనం పలచన చేసుకుంటున్నాము.

చార్జర్ కూడా బాగుందని తేలితే జాక్. పిన్ను పెట్టి అటూ ఇటూ కదిలించినప్పుడు చార్జింగ్ గుర్తు వచ్చి పోతూ ఉంటే జాక్ వదులైంది. చాలా రకాలలో దాన్ని వేరుగా మార్చవచ్చు, బోర్డు మొత్తం మార్చనక్కరలేదు. టైప్ సీ రంధ్రంలో మెత్తటి నూగు, దుమ్ము గట్టిపడి పిన్ను పూర్తిగా దిగకపోవడం కూడా ఉంది. యంత్రాన్ని ఆపి, ప్లాస్టిక్ లేదా చెక్క పుల్లతో మెల్లగా తీస్తే చాలు, గుండుసూది వాడకూడదు.

ఇక్కడిదాకా అంతా బాగుండి కూడా యంత్రం అసలు లేవకపోతే ఖర్చు లేని ఒక ఉపాయం ఉంది. చార్జర్ తీసివేసి, విడదీయగల బ్యాటరీ అయితే దాన్ని కూడా తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం పాటు వదలకుండా నొక్కి ఉంచాలి. తరువాత చార్జర్ మాత్రమే పెట్టి ఆన్ చేయాలి. చార్జింగ్‌ను, బటన్‌ను, ఫ్యానును చూసుకునే ఒక చిన్న నియంత్రణ చిప్పు బోర్డు మీద ఎప్పుడూ మెలకువగా ఉంటుంది. కరెంటు హఠాత్తుగా పోయి వచ్చినప్పుడు అది ఒక్కొక్కసారి మధ్యలో చిక్కుబడిపోతుంది. మిగిలి ఉన్న విద్యుత్తు పూర్తిగా పోతే అది మళ్లీ మొదటి నుంచి ప్రారంభమవుతుంది. కరెంటు కోతల తరువాత మా కళాశాల కార్యాలయపు ల్యాప్‌టాప్‌ను ఈ పద్ధతిలోనే రెండుసార్లు లేపాము.

బ్యాటరీ పాతబడిందా లేదా అన్నది ఎవరి మాట మీదా ఆధారపడకుండా తెలుసుకోవచ్చు. విండోస్ ఉన్న యంత్రంలో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాలలో పవర్‌సీఎఫ్‌జీ అని, ఒక ఖాళీ విడిచి, ముందుకు వాలిన గీత పెట్టి, దానికి ఆనుకొని బ్యాటరీరిపోర్ట్ అని (powercfg /batteryreport) కొట్టి ఎంటర్ నొక్కితే ఒక నివేదిక తయారై, అది ఎక్కడ ఉందో కూడా చూపిస్తుంది. అందులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పూర్తిగా నింపితే పట్టే సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి. కొన్నింటిలో ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందో కూడా ఉంటుంది. మూడు నాలుగు వందల విడతల తరువాత ఐదోవంతు తగ్గడం సహజమే. సగానికి పడిపోతే మార్చుకోవాలి. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో 82 శాతం ఉంది, అంటే దుకాణంలో చెప్పిన మూడు వేల ఖర్చుకు ఆధారం లేదు.

జడ్చర్లలో ఆన్‌లైన్ దరఖాస్తుల కేంద్రం నడిపే మా తమ్ముడికి ఇంకొక రకం అనుభవం ఎదురైంది. అతని ల్యాప్‌టాప్ చార్జింగ్ 60 శాతం దగ్గర ఆగిపోతున్నది. ఎవరో చెబితే మూడున్నర వేలు పెట్టి కొత్త బ్యాటరీ వేయించాడు. అదీ 60 దగ్గరే ఆగింది. అసలు సంగతి ఏమిటంటే, ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉండే యంత్రాల బ్యాటరీ త్వరగా చెడకుండా 60 శాతం దగ్గరో 80 శాతం దగ్గరో ఆపే సదుపాయాన్ని కంపెనీలే ఇస్తున్నాయి. లెనోవోలో దాన్ని కన్జర్వేషన్ మోడ్ అని, ఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ చార్జింగ్ అని అంటారు. మిగిలిన కంపెనీలకూ తమ తమ పేర్లు ఉన్నాయి. అతని కేంద్రంలో ఎవరో దాన్ని ఆన్ చేశారు. కేంద్రంలో రోజంతా ప్లగ్గులో ఉండే యంత్రానికి అది మంచి ఏర్పాటే కాబట్టి, ఇప్పుడు తెలిసి కూడా అలాగే ఉంచుకున్నాడు. చార్జింగ్ ఎప్పుడూ ఒకే అంకె దగ్గర ఆగుతున్నదంటే ముందు సెట్టింగులు చూడాలని అతను తన దగ్గరకు వచ్చేవారికి ఇప్పుడు చెబుతున్నాడు.

మన ఎండల సంగతి వేరుగా చెప్పవలసిందే. లిథియం అయాన్ బ్యాటరీకి చార్జింగ్ పెట్టదగిన ఉష్ణోగ్రత సాధారణంగా 45 డిగ్రీల వరకే. నల్లగొండలో మే నెల మధ్యాహ్నం బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు, రేకుల ఇంట్లో, పరుపు మీద, గాలిరంధ్రాలు మూసుకుపోయిన ల్యాప్‌టాప్ లోపలి బ్యాటరీ ఆ హద్దు దాటడం తేలిక. అప్పుడు యంత్రం తనను తాను కాపాడుకోవడానికి చార్జింగ్ ఆపివేస్తుంది. మధ్యాహ్నం ఎక్కదు, తెల్లవారుజామున చక్కగా ఎక్కుతుంది. ఇలాంటి ఫిర్యాదుతో మునుగోడు వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థినికి, చదువుకునే సమయాన్ని ఉదయానికి మార్చుకొమ్మని, యంత్రాన్ని చెక్క పలక మీద పెట్టుకొమ్మని మాత్రమే చెప్పాను. ఆమెకు మరమ్మతు అవసరం రాలేదు. వీలైతే మిట్టమధ్యాహ్నం చార్జింగ్ పెట్టకుండా ఉండటం ఈ జిల్లాలలో ప్రతి ఒక్కరికీ మంచిది. ఆగి ఉన్న కారులో ల్యాప్‌టాప్ వదిలి వెళ్లడం అంతకంటే పెద్ద తప్పు.

ఒక్క సందర్భంలో మాత్రం పైన చెప్పిన పరీక్షలేవీ చేయకూడదు. టచ్‌ప్యాడ్ పైకి ఉబికి నొక్కు పడకపోయినా, కింది మూత బల్లకు ఆనకుండా ఊగినా, అతుకుల దగ్గర సందు విచ్చుకున్నా లోపల బ్యాటరీ ఉబ్బింది. మా కళాశాలలో ఒక పిల్లవాడు టచ్‌ప్యాడ్ పాడైందనుకొని రెండు నెలలు మౌస్‌తో నెట్టుకొచ్చాడు. నేను చూసిననాటికి బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంది. అటువంటి యంత్రాన్ని వెంటనే ఆపి, చార్జర్ తీసివేసి, మండే వస్తువులకు దూరంగా గట్టి నేల మీద ఉంచి, తెలిసినవారి చేత బ్యాటరీ తీయించాలి. దాన్ని నొక్కడం, గుచ్చడం, వంచడం చేస్తే లోపలి పొరలు కలిసి మంట లేస్తుంది. ఆ పొగ విషపూరితం. పాత బ్యాటరీని చెత్త బండిలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీలను సేకరించి శుద్ధికి పంపే బాధ్యత ఉత్పత్తిదారుల మీద ఉన్నది. అధీకృత సేవా కేంద్రంలో ఇచ్చి రసీదు అడగడం మంచిది.

ఇవన్నీ చూసుకున్న తరువాత బోర్డు పోయిందని తేలితే దుకాణానికి వెళ్లక తప్పదు. అప్పుడు కూడా అదే వాట్ల మరో మంచి చార్జర్ పెట్టి మన కళ్ల ముందు ఒకసారి చూపించమని అడగాలి, ఏ భాగం మారుస్తున్నారో, ఎంత అవుతుందో కాగితం మీద రాయించుకోవాలి, తీసివేసిన పాత భాగాన్ని వెనక్కి తీసుకోవాలి. పని తెలిసినవారు ఈ మూడింటికీ అభ్యంతరం చెప్పరు. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరులో తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

సంపాదకులకు నా మనవి రెండు విషయాలలో. మొదటిది, ఆ వ్యాసంలోని ఎనిమిది గంటల నియమాన్ని, పూర్తిగా ఖాళీ చేయాలన్న నియమాన్ని సవరిస్తూ ఒక ప్రకటన వేయండి. దాన్ని కత్తిరించి ఇంట్లో అతికించుకున్న వారు మా వీధిలోనే ఉన్నారు. రెండవది, చార్జర్ వెనుక కాగితం బొమ్మను పెద్దదిగా వేసి, ఇన్‌పుట్ ఏది, అవుట్‌పుట్ ఏది, నమోదు సంఖ్య ఎక్కడ ఉంటుంది, మీటరు తీగలు ఎక్కడ ఆనించాలి అన్నవి తెలుగులో గుర్తులు పెట్టి ఒక్క ఆదివారం ప్రచురించండి. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలోని ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు నెలకు ఒక్క పూట తమ ప్రయోగశాలలను తెరిచి, విద్యార్థుల చేత చార్జర్లను, ఇళ్ల ఎక్స్‌టెన్షన్ బాక్సులను పరీక్షింపజేస్తే వారికి అభ్యాసమూ, ప్రజలకు మేలూ కలుగుతాయి. మా కళాశాలలో ప్రధానాచార్యుల అనుమతితో వచ్చే నెల రెండవ శనివారం మధ్యాహ్నం ఈ పని మొదలుపెడుతున్నాము. చార్జర్‌ను, దాని వైరును, వీలైతే ల్యాప్‌టాప్‌ను వెంట తెచ్చుకున్నవారికి రుసుము లేకుండా పరీక్షించి, కొలతలు కాగితం మీద రాసి ఇస్తాము.

ఇట్లు,
భౌతికశాస్త్ర అధ్యాపకురాలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా